కొలతకు నిలబడ్డ నడుము

ఏసీ నడవనిచ్చి, తాళం బండిలోనే వదిలేసి ఇద్దరూ దిగిపోయారు. "పది నిముషాల్లో వచ్చేస్తాంలే, గమ్మున కూచో" అన్నాడు మా ఆయన తలుపు వేస్తూ. మగవాళ్ళు చెప్పే పది నిముషాలను నమ్మే వయసు నాకు ఎప్పుడో దాటిపోయింది. కాళ్ళ దగ్గర మేకమాంసం సంచీ, ఒళ్ళో ఎండు నిమ్మకాయల పొట్లం, పక్క సీటు మీద కొత్తిమీర కట్టలు, ఎదురుగా బాబు మియా తోలు కొట్టు. కొట్టు అద్దం నిండా బెల్టులు, చెప్పులు, ఒంటెల పగ్గాలు వేలాడదీసి ఉన్నాయి, వాటి సందుల్లోంచి బాబా కాళ్ళ దాకా వేసుకునే తెల్ల దిష్‌దాషా ఒక ముక్క, మా ఆయన నీలం చొక్కా ఒక ముక్క కనిపిస్తున్నాయి. బాబా అంటే మా యజమాని హుమైద్. ఒమాన్ దేశంలో ఈ ఇబ్రి ఊళ్ళో ఆయన ఇంట్లో వంట నాది, బండి నడిపే పని మా ఆయన అంకయ్యది. ఇద్దరూ లోపల బెల్టు చూస్తున్నారు. మామూలు బెల్టు కాదు, బట్టల కింద ఎవరికీ కనబడకుండా పిస్తోలు మోసే బెల్టు. ఏ తోలు, ఎంత వెడల్పు, ఏ బకిల్ అన్నది వాళ్ళు తేల్చుకోనీ, అది ఎవరి నడుముకో తెలిస్తే నాకు చాలు. బాబా నడుముకైతే ఈ సాయంత్రం ఇంకో గరిటె నెయ్యి వేసి మరీ వండుతాను. మా ఆయన నడుముకైతే ఏం చేస్తానో నాకే తెలియదు, పెట్టె సర్దుతానేమో, సర్దుకుని ఎక్కడికి పోవాలో అదీ తెలియదు.

ఈ అనుమానం పొద్దున వంటింట్లో బాబా భార్య, మా మేడమ్ అంటించింది. లేకపోతే నేను హాయిగా ఉండేదాన్ని. పోయిన శుక్రవారం ఇంటికి పెద్దమనుషులు వచ్చారు, సాయంత్రం నమాజు వేళకి అతిథుల్ని కూర్చోబెట్టే మజ్లిస్ గదిలోనే అందరూ వరసగా నిలబడ్డారు, నేను కహ్వా కాఫీ ఫ్లాస్కు పట్టుకుని గుమ్మం అవతల ఆగాను. బాబా నుదురు నేలకి ఆనించాడో లేదో, దిష్‌దాషా కింద వదులైపోయిన పాత బెల్టులోంచి పిస్తోలు జారి తివాచీ మీద ధబ్బుమని పడి, పక్కాయన మోకాలి దాకా దొర్లింది. నమాజు మధ్యలో ఎవరూ కదలకూడదు, మాట్లాడకూడదు కదా, ఆ వరసంతా కళ్ళు కూడా తిప్పకుండా లేచింది, వంగింది, కూర్చుంది, మధ్యలో అది నల్లగా పడుకునే ఉంది. పూర్తయ్యాక బాబా దాన్ని తీసి జేబురుమాలు దులిపినట్టు దులుపుకున్నాడు. ఆయన పాత సైనికుడు, దక్షిణాన యుద్ధం చేసి వచ్చినవాడు, కాగితాలన్నీ ఉన్నాయి, అది మొలలో లేనిదే ఆయనకు గడప దాటబుద్ధి కాదట. ఆ రాత్రి మేడమ్ ఆయన్ని ఎన్ని తిట్లు తిట్టిందో, నాకు తెలిసిన అరబ్బీ తిట్లన్నీ అయిపోయాక ఇంకా చాలా వచ్చాయి. ఈ పొద్దున ఆమె ఉల్లిపాయలు తరుగుతున్న నా పక్కన నిలబడి, "నమాజు చేసే మనిషి ఒంటి మీద అదెందుకు? అంకయ్య కట్టుకుని పక్కన ఉంటే సరిపోదా అన్నాను" అంది. బాబా ఏమన్నారని అడిగాను. "నవ్వాడు" అంది మేడమ్. నవ్వాడు అంటే ఏమిటో ఇప్పటిదాకా ఆలోచిస్తూనే ఉన్నాను.

బాబా నవ్వును తేలిగ్గా తీసుకోలేను, ఎందుకంటే పోయిన నెల వాదీలో కూడా ఆయన అలాగే నవ్వాడు. ఇంటిల్లిపాదీ ఆ ఎండిన వాగుకు పోయాం, నేను బొగ్గుల మీద మాంసం కాలుస్తున్నాను, బాబా రాయి మీద ఖాళీ పెప్సీ టిన్నులు పెట్టి పిస్తోలుతో కాలుస్తున్నాడు. అల్లుళ్ళు కాల్చారు, కొండకు తగిలింది. బాబా వేళాకోళానికి దాన్ని మా ఆయన చేతిలో పెట్టాడు. ఇంటి డ్రైవరు బిత్తరపోతే నవ్వుకోవచ్చని పెట్టాడు పాపం. మా ఆయన భుజం ఒక్క పిసరు కిందికి దిగడం నేను చూశాను, ఆ భుజం నాకు తెలుసు, ఇక టిన్ను వైపు చూడాల్సిన పని కూడా లేకపోయింది. రెండో టిన్ను కూడా ఎగిరిపడ్డాక బాబా చప్పట్లు కొట్టి "అస్కరీ! మా ఇంట్లో సిపాయి ఉన్నాడు!" అని అరిచాడు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే మా ఆయన తల గోక్కుంటూ, శనక్కాయ చేలో కాకుల్ని తోలేవాడిని బాబా, అన్నాడు తన హిందీలో. అందరూ పడీపడీ నవ్వారు. నేను బొగ్గు మీద వేలు పెట్టుకున్నాను. అప్పటినుంచీ బాబా ఆయన్ని పేరు పెట్టి పిలవడం మానేశాడు, అస్కరీ అనే పిలుపు. బావి దగ్గర దాయాదితో ఏదో తగువుందట, ఆ తోటకు పోయినప్పుడల్లా "నువ్వు నా పక్కనే ఉండు" అంటాడట. పక్కనే ఉండు. మాట ఏ భాషలో అన్నా ఒకటే, మా ఊరి పెద్దాయన కూడా సరిగ్గా ఇదే అన్నాడు.

అదిగో, మియా నిచ్చెన ఎక్కి ఏదో దించుతున్నాడు. బాబు మియా బంగాళీ, ఊళ్ళో సగం మంది ఖంజర్ కత్తుల పట్టీలు ఆయన కుట్టినవే, గడ్డానికి గోరింటాకు పెట్టుకుని ఎర్రగా ఉంటాడు. దించినదాన్ని బాబా చేతికి ఇచ్చాడు, సన్నటి నల్ల బెల్టు, బకిల్ ఇక్కడిదాకా మెరుస్తోంది. బాబా దాన్ని రెండు చేతుల్తో వంచి చూసి విసిరేసినంత పని చేశాడు. మంచిదే, అంత సన్నటిది బరువుకి మెలి తిరిగిపోతుంది, అంచు బయటికి మడుచుకుంటుంది, తుపాకి పిడి చొక్కా మీద కణితిలాగా తేలుతుంది. ఇవన్నీ నాకెందుకు తెలియాలి? మా కడప జిల్లాలో ఆడవాళ్ళు ముగ్గులూ పిండివంటలూ మాత్రమే నేర్చుకుంటారనుకునేవాళ్ళు మా ఊరికి వచ్చి చూడాలి. రెండోది దించాడు, వెడల్పాటిది, గోధుమ రంగు. ఈసారి బాబా వెనక్కి జరిగాడు. మియా మా ఆయన దగ్గరికి వచ్చాడు. మా ఆయన చొక్కా పైకి ఎత్తాడు, మియా రెండు చేతులూ ఆయన చుట్టూ పోనిచ్చి బెల్టు కట్టి బిగించాడు. బాబా దూరంగా నిలబడి, పెళ్ళికొడుకును చూసినట్టు తల ఒక పక్కకు వంచి చూస్తున్నాడు. నా ఒళ్ళోని నిమ్మకాయల పొట్లం ఎప్పుడు చినిగిందో తెలియదు, కాయలన్నీ సీటు కిందికీ మాంసం సంచీలోకీ దొర్లిపోయాయి.

ఆయన మొదటి బెల్టు కుట్టించుకున్నప్పుడూ నేను పక్కనే ఉన్నాను, ఎర్రగుంట్లలో ఒక ముసలాయన దగ్గర. బర్రె వీపు తోలు, రెండు పొరలు కలిపి మైనం పూసిన దారంతో కుట్టింది, మూడు వేళ్ళ వెడల్పు. మా ఆయన దాన్ని వంచాడు, నీళ్ళలో ముంచాడు, కిటికీ చువ్వకు కట్టి వేలాడాడు, బాగాలేదని రెండుసార్లు విప్పించి మళ్ళీ కుట్టించాడు. నన్ను చూసుకోవడానికి వచ్చినప్పుడు కూడా అంతసేపు చూడలేదు. అప్పటికి ఊళ్ళో మా వర్గం నడిపే పెద్దాయన పక్కన తుపాకితో ఉండే మనుషుల్లో మా ఆయన ఒకడు, మా ఆయన జతగాడు బాషా ఇంకొకడు. పెద్దాయన ఎక్కడికి పోతే అక్కడికి, ఆయన తింటే నిలబడి చూస్తూ, ఆయన నిద్రపోతే మేలుకుని. బెల్టు వచ్చాక మా ఇంట్లో మనిషి నడక మారిపోయింది, మోచెయ్యి ఒంటికి ఆనకుండా ఎడంగా పెట్టి నడిచేవాడు. పెళ్ళిళ్ళలో పంక్తిలో కూర్చునేవాడు కాదు, బాసింపట్టు వేస్తే అది పొట్టలో గుచ్చుకునేది, అందుకని గోడకు చేరి నిలబడి ఆకు చేత్తో పట్టుకుని తినేవాడు. మా సునీత చిన్నపిల్ల, పరిగెత్తుకు వచ్చి నడుము పట్టుకోబోతే నేను మధ్యలోనే లాగేసేదాన్ని. "నాయన కడుపులో రాయుందామ్మా?" అని అడిగిందొకరోజు. ఉందే తల్లీ అన్నాను. ఇప్పుడది తిరుపతిలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, ఫోను చేస్తే నాన్నతోనే మాట్లాడుతుంది, నాకు చివర్లో మిగిలిన కాసిని మాటలు పడేస్తుంది, పడేస్తే పడెయ్యనీ.

బాషాకు అంత ఓపిక ఉండేది కాదు. బజార్లో దొరికిన రెక్సిన్ బెల్టు, పైన పులి బొమ్మ, సినిమా హీరోలాగా ఉందని మురిసిపోయేవాడు. మా ఆయన తిట్టేవాడు, అది తుపాకి మోసే బెల్టు కాదురా, గాలిపటానికి తోక కట్టుకో అని. ఆ రోజు మా ఆయనకు జ్వరం, బాషా ఒక్కడే పెద్దాయనతో పోయాడు. బస్టాండు దగ్గర అవతలి వర్గం వాళ్ళు వచ్చేసరికి బెల్టు జారి తుపాకి ప్యాంటు లోపలికి దిగిపోయి ఉంది, చెయ్యి పెట్టాడు, దొరకలేదు, వెతుక్కుంటూనే పడిపోయాడు. పెద్దాయన బతికాడు. ఊరంతా ఒకటే మాట, మంచి బెల్టు ఉండుంటే బతికేవాడు అని. మూడో దినం నాడు నేను షబానా పక్కన కూర్చున్నాను, బాషా పెళ్ళాం, నాకంటే చిన్నది, కళ్ళల్లో నీళ్ళు కూడా అయిపోయాయి. "అందరూ బెల్టు మంచిదైతే బతికేటోడు అంటాండారక్కా" అంది. "తుపాకి లేకుంటే బతికేటోడని ఒక్కరూ అనల్యా." ఆ మాట విన్నాక నేను ఇంటికి నడిచి వచ్చిన దారి నాకు గుర్తులేదు. ఇంట్లో మా ఆయన జ్వరంతో పడుకుని ఉన్నాడు, బెల్టు చిలక్కొయ్యకు వేలాడుతోంది, ఎంత గట్టిదో, ఎంత అందంగా కుట్టిందో. ఆ వారమే కడపలో ఏజెంటు దగ్గరికి పోయాను. గల్ఫ్ యుద్ధం అయిపోయిన కొత్త, ఇళ్ళల్లో పనికి ఆడవాళ్ళు కావాలంటున్నారు. నేను ముందు పోతాను, నువ్వు వెనకాల రా, రాకపోతే అక్కడే ఉండు, నేను మాత్రం నీ ముక్కలు ఏరుకోవడానికి ఇక్కడ ఉండను, అని చెప్పాను. అంత కోపం నాలో ఉందని నాకూ అప్పుడే తెలిసింది.

వచ్చాడు. ఏడాది తిరిగేలోపే వచ్చాడు, ఎందుకంటే పెద్దాయనా అవతలి పెద్దాయనా రాజీ పడిపోయారు, ఒకరింటి పెళ్ళికి ఒకరు వెళ్ళి పక్కపక్కన కూర్చుని ఫొటో దిగారు. బాషా ఎందుకు పోయాడో ఇక ఎవరూ అడిగే పని లేదు. మేడమ్‌ను బతిమాలి డ్రైవరు వీసా తీయించాను. గ్యారేజీ వెనక మాకిచ్చిన రూమ్‌లో మొదటిరోజు ఆయన స్నానం చేసి వస్తే చూశాను, నడుము చుట్టూ నల్లటి గాడి, తోలు ఒరుసుకుని ఒరుసుకుని కాయ కాసిన చారిక. కొబ్బరినూనె రాశాను, రాత్రిళ్ళు రాశాను, నెలలు రాశాను. మొదట్లో ఆయన తలుపు వైపు చూడకుండా అన్నం తినలేకపోయేవాడు, హారన్ మోగితే చెయ్యి మొలలోకి పోయేది, ఖాళీ చెయ్యి తిరిగి వచ్చేది. తర్వాత తర్వాత ఖర్జూరాలూ రొట్టెలూ మా ఇంటి వంటా కలిసి పని చేశాయి. పొట్ట వచ్చింది. ఆ పొట్ట మొదలైన రోజు నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను, ఊళ్ళో ఆడవాళ్ళు వింటే నవ్వుతారు. ఇప్పుడు ఆయన గురక పెడతాడు. ఎంత గురకంటే పక్క రూమ్‌లో తోటమాలి గోడ కొడతాడు. కొట్టనీ, నేను ఆ గురక వింటూ కడుపులో చల్ల కదలకుండా పడుకుంటాను, మా ఊళ్ళో ఆయన నిద్రపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఈ మధ్య నూనె రాద్దామని చూస్తే చారిక లేదు, ఎక్కడుండేదో వేలుపెట్టి చూపించలేకపోయాను. ఇప్పుడు ఆ నడుముకే మియా ఆ గోధుమరంగు తోలు బిగిస్తున్నాడు, ఇంకో రంధ్రం లోపలికి, ఊపిరి బిగబట్టు అంటున్నాడు కాబోలు, మా ఆయన బుద్ధిగా బిగబట్టాడు.

దిగిపోదామా? దిగి లోపలికి పోయి, బాబా, మీ కాళ్ళు పట్టుకుంటాను, ఈ మనిషిని వదిలెయ్యండి అంటే? అరబ్బీలో గానీ హిందీలో గానీ నా నోటికి వచ్చేవి వంటింటి మాటలు. ఉప్పు, చాలు, ఇంకొంచెం, మాడిపోయింది. వాటితో ఈ సంగతి ఎలా చెప్పను. పైగా ఈ దేశంలో బయటివాడి మొలలో తుపాకి దొరికితే బాబా కాదు, బాబాను పుట్టించినవాడు వచ్చినా విడిపించలేడు. మియా త్రాసులోంచి ఇనప గుండు తీసి గుడ్డలో చుట్టాడు, తుపాకి బదులు కాబోలు, మా ఆయన చేతిలో పెట్టి ఏదో అడిగాడు. మా ఆయన ఆ మూట పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. నిలబడ్డాడు, నిలబడ్డాడు. ఆఖరికి మియానే దాన్ని లాక్కుని తనకు తోచిన చోట బెల్టులోకి దోపాడు. తర్వాత నడువు అన్నట్టుంది, అటూ ఇటూ నడిచాడు. కూర్చో అన్నట్టుంది, పీట మీద కూర్చున్నాడు, లేచాడు. అంతా తెలిసిందే, ఎర్రగుంట్లలో ముసలాయన కూడా ఇవే చేయించాడు. ఇక నేను కళ్ళు మూసుకుందామనుకునేలోగా మా ఆయన నడుం వంచి, మోకాళ్ళ మీద చేతులు పెట్టి ఆగాడు. నిటారుగా లేచాడు. ఆ తర్వాత మోకాళ్ళు నేలకు వేసి, రెండు అరచేతులూ పరిచి, నుదురు కొట్టు గచ్చుకు ఆనించాడు. నామాల సామికి మొక్కే మా అంకయ్య, శనివారం కోడిగుడ్డు కూడా ముట్టని అంకయ్య, బాబు మియా కొట్టులో నమాజువాళ్ళు చేసే సజ్దా చేస్తున్నాడు. మొదట నాకు మతి పోయింది, మనిషి మతం మార్చుకున్నాడా, బెల్టు కొనడానికి వచ్చి అది కూడానా అని. బాబా వంగి ఆయన నడుము వైపు చూస్తున్నాడు, మియా కూడా వంగి చూస్తున్నాడు, ఇద్దరూ దేని కోసం చూస్తున్నారంటే గుండు జారిందా లేదా అని. జారలేదు. బాబా బాగుందని "జేన్, జేన్!" అనడం అద్దాలు దాటి నాకు వినిపించింది.

అప్పుడు తట్టింది. మా ఆయనకు సజ్దా ఎందుకు? ఆయన కోసమైతే నడిపిస్తారు, కూర్చోబెడతారు, పరిగెత్తిస్తారు, స్టీరింగు పట్టుకున్నట్టు చేతులు చాపమంటారు. నుదురు నేలకు పెట్టి చూడాల్సిన నడుము ఒకటే, శుక్రవారం జారవిడిచిన నడుము. అది బాబా బెల్టు. దిష్‌దాషా కాళ్ళ దాకా ఉంటుంది, బెల్టు దాని లోపల, పంచె మీద కట్టుకోవాలి, బజార్లో నలుగురి ముందు దిష్‌దాషా ఎత్తి ప్రయత్నించి చూసే పెద్దమనిషి ఈ దేశంలో పుట్టలేదు. అందుకని ప్యాంటూ చొక్కా వేసుకున్నవాడిని నిలబెట్టాడు. నా వంట తిని తిని ఇద్దరి నడుములూ ఒకే కొలతకు వచ్చి కూర్చున్నాయి, అదీ సంగతి, నేను వండిన మాంసమే నన్ను ఇంతసేపు చంపింది. నవ్వు వచ్చింది, ఒక్కదాన్నే బండిలో కూర్చుని నవ్వాను, ఏడుపూ దానితోనే వచ్చింది, చెంగుతో ముక్కు తుడుచుకుంటుంటే అటుగా పోతున్న కూరగాయల కుర్రవాడు భయపడి తోపుడుబండి దూరంగా తోసుకున్నాడు. ఏసీ గాలి ఇంత బాగుంటుందని ఇన్నాళ్ళూ తెలియనే లేదు. సీటు కింద చెయ్యిపెట్టి నిమ్మకాయలు ఒక్కొక్కటే ఏరాను, మాంసం నీళ్ళు అంటుకున్నవి చెంగుతో తుడిచాను, దేన్ని చూసినా ముద్దొచ్చింది. అద్దంలోంచి చూస్తే మా ఆయన లేచి మోకాళ్ళు దులుపుకుంటున్నాడు, పొట్ట మీద చొక్కా బొత్తాం ఒకటి ఊడిపోయి ఉంది. ఆ పొట్ట, ఆ ఊడిన బొత్తాం, నా కళ్ళకు అంత అందమైన మగవాడు ఆ బజారు మొత్తంలో లేడు.

ఇద్దరూ బయటికి వచ్చారు, బెల్టు పొట్లం బాబా చేతిలోనే ఉంది. అది చూసుకున్నాకే నేను వీపు ఆనించి కూర్చున్నాను. బాబా ముందు సీట్లో ఎక్కి వెనక్కి తిరిగి, "సుబ్బూ, నీ మొగుడు ఇవాళ మంచి నమాజీ అయ్యాడు!" అన్నాడు హిందీలో, తన జోక్‌కు తనే తొడ కొట్టుకుని నవ్వుతూ. నేనూ నవ్వాను, కొంచెం ఎక్కువే నవ్వానేమో, అద్దంలో మా ఆయన నన్ను ఒకసారి చూశాడు. దారిలో అసర్ నమాజు పిలుపు వినిపించింది, బాబా మసీదు దగ్గర ఆపమన్నాడు, పాత బెల్టు పనికిరాక పిస్తోలు ఇంట్లోనే వదిలి వచ్చాడు కాబట్టి ఇవాళ ఏ జారుడూ లేదు, పొట్లాన్ని సీటు మీద పెట్టి దిగి వెళ్ళిపోయాడు. తోలు వాసన, మైనం వాసన బండంతా పరుచుకుంది. మా ఆయన ఇంజను ఆపలేదు, స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని మసీదు మెట్ల మీద చెప్పుల గుట్ట వైపు చూస్తున్నాడు.

"ఏమయ్యా" అన్నాను, "నీగ్గూడా ఒకటి కుట్టిస్తానన్న్యాడా?"

"అన్న్యాడు" అన్నాడు. "మేడమ్ చెప్పిందంట. రెండు కుట్టమందామా, ఒకటి నీకు, అన్న్యాడు."

నా చెయ్యి ముందు సీటు వీపును పట్టుకుంది. "నువ్వేమంటివి?"

"వద్దు బాబా అంటి. బండి తోలేటప్పుడు పొట్టకు గుచ్చుకుంటాది, నాకు కాకుల్ని తోలేది తప్ప యామీ రాదు అంటి. నవ్వినాడు. సరే లేప్పా అని మియా తట్టు తిరుక్కున్న్యాడు. అంతే." ఇంత చిన్న మాట, వద్దు అన్న మాట, మా ఊళ్ళో పెద్దాయనకు ఒక్కసారి చెప్పలేకపోయిన మాట, ఇక్కడ నవ్వుతూ చెప్పేసి వచ్చి ఏమీ జరగనట్టు కూర్చున్నాడు. "మంచి పని జేస్తివి" అన్నాను, ఇంకేం అనాలో తెలియక. వెనక నుంచి ఆయన తల మీద చెయ్యి పెట్టాను, జుట్టు పల్చబడిపోయింది, ఎండకు మాడు వేడిగా ఉంది. ఆయన తల కదల్చకుండా అలాగే ఉండనిచ్చాడు.

"అది గాదే సుబ్బులూ" అన్నాడు కొంచెం సేపటికి. గొంతులో ఏదో వింత ఉంది, తప్పిపోయిన వస్తువు గురించి చెప్పినట్టు. "మియా ఆ గుండు చేతికిచ్చి, నీకు యా పక్క అలవాటో ఆ పక్క దోపుకో అన్న్యాడు. నిలబడిపోతి. కుడిపక్కనా, ఎడంపక్కనా, ఎనకాలనా, ఎంత యోచన జేసినా తెలీల్యా. అన్నేండ్లు కట్టుకుని తిరిగినోన్ని గదా. మర్సిపోయినా."

"నిజంగానా?"

"నీ మీదొట్టు." ఆయన చొక్కా మీద నుంచే రెండు చేతులతో రెండు పక్కలా నడుము తడుముకున్నాడు, ముందు ఒకటి, తర్వాత ఇంకొకటి, రెండూ ఒకలాగే మెత్తగా ఉన్నట్టున్నాయి, నవ్వుకున్నాడు.

ఏ పక్కో నాకు తెలుసు. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆ పక్కన నేను ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. ఆయన నన్ను అడగలేదు, నేను చెప్పలేదు.